ట్యాబు బాబాయి వీసా

ఈ దేశంలో మా ఇద్దరికీ ఉండే హక్కు నా ఉద్యోగం మీద వచ్చింది. నేను బ్రౌజరు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుని. నా కార్డు మీద "నిపుణ ఉద్యోగి" అని ఉంటుంది. మా ఆయన కార్డు మీద "నిపుణ ఉద్యోగిపై ఆధారపడిన వ్యక్తి" అనీ, దాని కింద ఎర్ర అక్షరాల్లో "పనిచేయుటకు అనుమతి లేదు" అనీ ఉంటుంది. ఇక్కడికి రాకముందు ఆయన ఒక పత్రికలో కంప్యూటర్ల పేజీ చూసేవారు. ఇతరులు రాసినదాంట్లో తప్పులు దిద్దడం ఆయన వృత్తి. ఇక్కడికొచ్చాక వృత్తి పోయింది గానీ అలవాటు పోలేదు. దిద్దడానికి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

అల్మారా తలుపు తెరిచి మూయలేదని, కారప్పొడి డబ్బాకి ఉప్పు డబ్బా మూత పెట్టానని, టూత్‌పేస్టు మధ్యలో నొక్కానని పొద్దున్నే మొదలయ్యేది. సాయంత్రం నేను చెప్పులు విప్పేలోపే ఆ రోజు వార్తలు గుమ్మంలో వినిపించేవారు.

"ఇంకో కంపెనీలో వేలమందిని తీసేశారట."

"మంచినీళ్ళు తాగనిస్తారా?"

"తాగు. నిపుణుల వీసాకి జీతం పరిమితి పెంచుతారట. నీ జీతం సరిపోతుందంటావా?"

నీళ్ళు గొంతుకి అడ్డం పడేవి. మీరేదైనా కాలక్షేపం చూసుకోండి మహాప్రభో అని ఒకరోజు దణ్ణం పెట్టాను. చూసుకున్నారు. ఆ మర్నాటి నుంచి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒకటే టైపు చేయడం. తొంగిచూస్తే తెర పైభాగంలో ట్యాబులు దువ్వెన పళ్ళలా ఉన్నాయి.

"ఇన్నెందుకండీ?"

"చదవాలి."

"ఎప్పుడు?"

"తెరిచి పెట్టుకుంటే సగం చదివినట్టేలే."

ఏదో నేర్చుకుంటున్నారు, ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా అని నేనింక అడగలేదు.

ఆ రోజుల్లోనే మా బ్రౌజరు కొత్త రూపం విడుదలైంది. అందులో "వెనక్కి" బటన్ ఉండే చోట ఏఐ సహాయకుడి బటన్ పెట్టాం. పెట్టమన్నది పైవాళ్ళు. ఎక్కడ పెట్టాలో చూపించింది నేను. విడుదలైన మర్నాడు మా మేనేజరు జట్టు మొత్తాన్నీ గదిలోకి పిలిచి, తలుపు వేసి, "ట్యాబు బాబాయి ఏం రాశాడో చూశారా?" అన్నాడు.

గదిలో అందరూ తలలు దించుకున్నారు. బ్రౌజర్ల గురించి బ్లాగు రాసే ఆ బాబాయిని అందరూ చదువుతారట, నాకే తెలియదు. మేనేజరు జేబులోంచి కాగితం తీసి చదివాడు.

"'వెనక్కి' బటన్ ఉండాల్సిన చోట ఎవరో సహాయకుణ్ణి కూర్చోబెట్టారు. ఇంటికొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ముక్కూమొహం తెలియనివాడు కుర్చీ వేసుకుని, మీకేం కావాలి అని అడిగినట్టుంది. నాకు కావలసింది నువ్వు లేవడం, నాయనా. ఇది అమర్చిన మనిషెవరో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం రాసిస్తాను. ఆ మనిషి అల్మారా తలుపు తెరిచి మూయదు. కారప్పొడి డబ్బాకి ఉప్పు డబ్బా మూత పెడుతుంది."

మేనేజరు కాగితం దించాడు. "మూయదు, పెడుతుంది అంటున్నాడు. ఆడమనిషని వీడికెలా తెలిసింది?"

మా జట్టులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరూ నావైపు తిరిగారు. నేను కిటికీవైపు తిరిగాను.

ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి "బాబాయ్!" అని ఒక్క కేక పెట్టాను. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నీకెవరు చెప్పారు?"

"మూత చెప్పింది. ఆ బటన్ పెట్టింది నేనే."

"నువ్వా!" ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు. "ముందే తెలిస్తే మూత సంగతి రాసేవాణ్ణి కాదు."

"మరి బటన్ సంగతి?"

"అది రాసేవాణ్ణే," అన్నారు.

"నా ఉద్యోగం ఊడితే మీ కార్డు కూడా చెల్లదు. తెలుసా? మీరు రాస్తున్నది బ్లాగు కాదు, మనిద్దరి విమానం టిక్కెట్లు."

ఆయన లేచి వెళ్ళి అల్మారా తలుపు మూసి వచ్చారు. అంతకంటే ఎక్కువ క్షమాపణ ఆ మనిషి నుంచి నేనెప్పుడూ ఆశించలేదు.

మర్నాడు మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, "ఆ బాబాయిని ఎలాగైనా పట్టుకోవాలి," అన్నాడు.

"కేసు పెడతారా?"

"కేసా! ఉద్యోగం ఇద్దాం. బయట కూర్చుని తిట్టేవాణ్ణి లోపల కూర్చోబెట్టి తిట్టించుకుంటే, విడుదలకి ముందే తిట్లన్నీ అయిపోతాయి."

"ఆయన నాకు తెలుసండీ."

"మీకు బాబాయి అవుతారా?"

"కాదు. మొగుడవుతారు."

మేనేజరు నన్ను చూసి, నా బల్ల మీద ఒక రంగు గిన్నెకి ఇంకో రంగు మూత పెట్టి ఉన్న లంచ్‌బాక్సుని చూసి, ఇంకేం అడగకుండా కంపెనీ లాయరుకి ఫోన్ చేశాడు.

లాయరు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏం చెప్పినా ముందు తల అడ్డంగా ఊపుతాడు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి విషయం తేల్చి చెప్పాడు. ఆధారపడిన కార్డు మీద ఉద్యోగం కుదరదు. నిపుణుడిగా విడిగా వీసా కావాలి. దానికి ఆ నైపుణ్యం ఈ దేశంలో అరుదని రుజువు చేయాలి.

"మీ నైపుణ్యం ఏమిటండీ?"

"తప్పులు పట్టడం," అన్నారు మా ఆయన.

"ఎవరైనా ధ్రువీకరిస్తారా? మీరు పనిచేసిన పత్రిక మూతపడిందన్నారు."

ఇంకెవరూ తోచక మా అత్తగారికి ఫోన్ కలిపి స్పీకరు మీద పెట్టాం. ఆవిడ పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. సంగతి చెప్పగానే అందుకుంది.

"వాడి సంగతి నన్నడుగు బాబూ. ఉయ్యాల్లో పడుకోబెడితే, ఉయ్యాల కిర్రుమంటోందని ఏడ్చేవాడు. వాడి పెళ్ళిలో శుభలేఖలో అచ్చుతప్పులున్నాయని, పంచినవన్నీ వెనక్కి తెప్పించి దిద్దాడు. ఈ పిల్ల ఎలా వేగుతోందో గానీ, నా కోడలు బంగారం."

లాయరు తల అడ్డంగా ఊపుతూనే "అనుభవం, బాల్యం నుంచి" అని రాసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "మీకు తెలిసినంతలో ఇంతలా తప్పులు పట్టే మనిషి ఈ దేశంలో ఇంకొకరు లేరని సంతకం పెట్టగలరా?"

"పెన్నివ్వండి," అన్నాను.

నేను సంతకం పెడుతుంటే మా ఆయన మొహం పతకం వేయించుకుంటున్నవాడిలా వెలిగిపోయింది.

అయితే చట్టంలో ఇంకో మెలిక ఉంది. ముందు ఈ దేశంవాళ్ళ కోసం ప్రకటన ఇవ్వాలి. వాళ్ళలో తగినవాళ్ళు దొరక్కపోతేనే బయటివాళ్ళు. ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది తప్పులు పట్టమంటే మొహమాటపడ్డారు. చివరి పరీక్షకి మా ఆయన, ఇంకొకావిడ మిగిలారు.

ఆవిణ్ణి చూడగానే నేను లాయరు వెనక్కి తప్పుకున్నాను. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టి రిటైరైన ఆఫీసరమ్మ. నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది. రెండోసారైతే కారు కదలకముందే.

ఇద్దరికీ చెరో కంప్యూటరు ఇచ్చి, మా బ్రౌజరు తెరిచిపెట్టి, గంట టైమిచ్చారు. మేం గాజు తలుపు బయటినుంచి చూస్తున్నాం. ఆఫీసరమ్మ కుర్చీ ఎత్తు సవరించుకుంది. అద్దం కోసం కాబోలు ఒకసారి పైకి చూసింది. ఒళ్ళో అట్ట పెట్టుకుని, తెరమీంచి చూపు తిప్పకుండా టిక్కులు కొట్టడం మొదలుపెట్టింది. మా ఆయన మాత్రం "వెనక్కి" బటన్ దగ్గరే ఆగిపోయారు. రాస్తున్నారు, కొట్టేస్తున్నారు, బొమ్మ గీస్తున్నారు.

"మిగతావి చూడండి!" అని గాజు మీద చప్పుడు చేయబోతే లాయరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

గంట కొట్టేసరికి ఆవిడ కాగితాలకి పిన్ను పట్టలేదు. మా ఆయన ఒక్క తప్పు గురించి నాలుగు పేజీలు రాశారు. అది ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో, దిద్దాక ఎలా ఉంటుందో.

లాయరు ఈసారి తల నిలువుగా ఊపాడు. "నైపుణ్యం స్థానికంగా దొరికింది. నేను చేయగలిగింది లేదు."

బస్సులో మా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. "తప్పులు పట్టడానికి కూడా ఇక్కడివాళ్ళున్నారట," అన్నారు చివరికి. ఆ రోజునుంచి తప్పులు పట్టడం మానేశారు.

ఇంట్లో అల్మారా తలుపులు రెండూ బార్లా తెరిచి వదిలేశాను. పక్కనుంచే నడిచి వెళ్ళిపోయారు. కూరలో ఉప్పు వేయకుండా వడ్డించాను. "బావుంది" అని తిన్నారు. లాప్‌టాప్ మూసేసి ఉంది. ఈ ఇంట్లో కాస్త ప్రశాంతత ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. అది వచ్చి కూర్చునేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసులో పరిస్థితి వేరు. ఆఫీసరమ్మ చేరిన రోజునుంచి ప్రతిదాని మీదా "ఫెయిల్" అని రాసి పంపుతోంది. అందరం చేతులు కట్టుకుని ఆవిడ గది ముందు వరస కట్టేవాళ్ళం.

"ఫెయిలే అనుకోండి. మరి ఎలా ఉండాలో చెప్పండమ్మా," అని మేనేజరు బతిమాలాడు.

"అది నా పని కాదు," అంది ఆవిడ. "కారు నడపడం నేర్పేది డ్రైవింగ్ స్కూలువాళ్ళు. నేను ఆపమంటాను, దిగమంటాను. అంతే." ఆ మాట అంటూనే సొరుగు లాగి మా ఆయన రాసిన నాలుగు పేజీలు తీసింది. "ఆ రోజు నా పక్కన కూర్చున్నాయన రాశాడుగా. ఆయన్నడగండి. నాకు పోటీయే కాడు, అనుకోండి. కానీ పట్టినదాన్ని బాగుచేసేదాకా వదల్లేదు."

మేనేజరు మళ్ళీ లాయరుకి ఫోన్ చేశాడు. ఈసారి "తప్పులు దిద్దు నిపుణుడు" కావాలని ప్రకటన ఇచ్చారు. అభ్యర్థుల్ని పరీక్షించే పని ఆఫీసరమ్మకి అప్పజెప్పారు. ఆవిడ వచ్చినవాళ్ళందరినీ ఫెయిల్ చేసింది. మా ఆయన్ని కూడా ఫెయిల్ చేసి, రెండోసారి రమ్మని పిలిచి పాస్ చేసింది. ఈ దేశంలో తగినవాళ్ళు లేరనడానికి ఇంతకంటే గట్టి రుజువు తన జీవితంలో చూడలేదని లాయరు మురిసిపోయాడు.

కార్డు వచ్చింది. "నిపుణ ఉద్యోగి" అన్న మాట మీద మా ఆయన వేలితో రుద్ది చూసుకున్నారు. కాసేపటికి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. వెనక్కి పంపుదామా?"

"నోరు మూసుకుని జేబులో పెట్టుకోండి," అన్నాను. పెట్టుకున్నారు.

ఉద్యోగంలో చేరగానే ఆయన మొదట చేసిన పని, నేను పెట్టిన బటన్ పీకించడం. ఆఫీసులో నన్ను "మేడమ్" అనేవారు. మీటింగులో "మేడమ్ గారి ఉద్దేశం మంచిదే" అని మొదలుపెట్టారంటే, ఇక ఆ ఉద్దేశానికి నూకలు చెల్లినట్టే. ఇంటికొచ్చాక ఇద్దరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాళ్ళం.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికొచ్చారు. మేడమ్ అనలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఫోను నా ముందు పెట్టారు. టెక్ వార్తల్లో మా కంపెనీ పేరుంది. ఇకమీదట ట్యాబుల పని ఏఐ సహాయకుడే చూసుకుంటాడట, ఆ పని చూసే మా జట్టుని తీసేస్తున్నారట, తప్పులు దిద్దేవాళ్ళని మాత్రం ఉంచుతారట. కంపెనీ నాకు చెప్పకముందే వార్త నాకు చెప్పింది. తలెత్తితే, మేనేజరు అప్పటికే తన పూలకుండీని అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

ఉద్యోగం లేకుండా నిపుణుల కార్డు ఎన్నాళ్ళో చెల్లదు. నేనిప్పుడు మా ఆయన మీద ఆధారపడ్డానని దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్‌లో ప్రభుత్వ దరఖాస్తు పేజీ తెరుచుకుని ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. "ఆధారపడిన వ్యక్తి" అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది.

"నాకూ మొదట్లో గుచ్చుకుంది," అన్నారాయన. "తర్వాత అలవాటైంది."

"అలవాటైందా?"

"లేదు."

ఆయన నా చేతిమీద చెయ్యి వేశారు. ఇద్దరం కలిసి టిక్కు కొట్టాం. అన్నీ నింపి "సమర్పించు" నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఆ ప్రభుత్వ పేజీ మా బ్రౌజరులో పనిచేయడం లేదు.

మా ఆయన లేచి కిటికీ తెర లాగారు. వీధి తలుపు గడియ సరిచూశారు. గొంతు తగ్గించి, "పోటీ కంపెనీవాళ్ళ బ్రౌజరు ఎక్కించు," అన్నారు. "నేనిటు తిరిగి కూర్చుంటాను. ఆ సరుకు నేను చూడకూడదు."

ఎక్కించాను. పేజీ వెన్నలా తెరుచుకుంది. మళ్ళీ మొదటినుంచి నింపాను. ఇంక నొక్కబోతూ, "ఎంత బాగుందండీ ఇది!" అన్నాను నోరు జారి.

"ఏం బాగుంది?"

"అన్నీ. మీరిటు తిరక్కండి."

తిరిగారు. కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చారు. "ఆ బటన్ అంచు చూడు, ఎంత నున్నగా గీశారో. కానీ ఈ గీత ఉండక్కర్లేదు. ఇక్కడ నొక్కితే ఏమవుతుంది? నొక్కు, నొక్కు." నేను నొక్కాను. ఇంకోటి నొక్కమన్నారు. ఈ మూల రంగు ఎక్కువైందని ఆయన, లేదు సరిపోయిందని నేను. నువ్వు ఇంజనీరువి, నీకు రంగులేం తెలుసని ఆయన, మీరు పత్రికవాళ్ళు, మీకు నలుపు తెలుపు తప్ప ఏం తెలుసని నేను. కాఫీలు చల్లారిపోయాయి. గట్టిగా వాదించుకుని, అలిసి, మళ్ళీ దరఖాస్తు ఉన్న ట్యాబులోకి వచ్చేసరికి, "మీ సమయం ముగిసినది, తిరిగి ప్రారంభించవలెను" అని తెరమీద పడి ఉంది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. నేను చేతివేళ్ళు విరుచుకున్నాను. పేరు రాసే గడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.