గోడ మీది మేకు

తడి దుప్పటి రెండు కొసలు కలీపా చేతిలో, మిగతా రెండూ తనతో పనిచేసే ఆయ్‌గానిష్ చేతిలో ఉన్నాయి. ఇద్దరూ వెనక్కి వాలి ఒక్క లాగు లాగేసరికి దుప్పటి ఫట్‌మని మోగి ముడతలు వదిలింది. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఇస్త్రీ బల్ల మీద పడేశారు. ఇంకోటి అందుకున్నారు. ఆసుపత్రి బట్టల గదిలో కలీపా ఈ పనికి చేరి ముప్పై ఒక్క ఏళ్ళయింది. మనిషి పొట్టి, వెడల్పు. నవ్వితే పక్కన రెండు బంగారు పళ్ళు కనిపిస్తాయి. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానబెట్టిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి.

మధ్యాహ్నం రెండో విడత బట్టలు యంత్రంలోంచి తీస్తుండగా ఫోను మోగింది. చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని తీసింది.

"వదినా, నేను బకాస్‌ని. నాన్నని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టర్లు. ఇంక చేసేదేం లేదంట. మంచం ఇవాళే ఖాళీ చెయ్యాలి. మా ఊరికి బండేమో రేపు పొద్దున్న గానీ లేదు. నేనూ, మా ఆవిడా, నాన్నా. హోటలు చూద్దామా అంటే నాన్న వద్దంటున్నాడు."

"హోటలేంట్రా, బుద్ధి ఉందా నీకు? చోటుంది. వచ్చెయ్యండి."

"మా నాన్న సంగతి తెలుసుగా వదినా..."

"చోటుందన్నానా లేదా?"

ఈ 'చోటుంది' అన్న మాట కలీపాకు ఊతపదం. నిజానికి ఆమెకున్నది ఒక గది, ఒక వంటిల్లు. ఆసుపత్రి వెనక ఇటుకల మేడలో మూడో అంతస్తు. ఆత్-బాషీ వైపు పల్లెల్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరి కోడలికి నొప్పులొచ్చినా, ఎవరి పిల్లకు ఈ నారిన్ పట్నంలో పరీక్ష ఉన్నా, పడక మాత్రం కలీపా ఇంట్లోనే. ఒకసారి ఆ గదిలో పద్నాలుగు మందిని పడుకోబెట్టింది. ఆ ముచ్చట ఇప్పటికీ పల్లెల్లో చెప్పుకుంటారు. చెప్పుకున్న ప్రతిసారీ ఒకరిద్దరు పెరుగుతుంటారు కూడా.

దానికి ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. తల లెక్కపెట్టదు, గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెడుతుంది. తలలన్నీ లోపలి గోడ వైపు, కాళ్ళన్నీ తలుపు వైపు. గురక పెట్టేవాళ్ళు కిటికీ కింద. పసిపిల్ల తల్లి పొయ్యి గోడ పక్కన. తలుపుకు ఎదురుగా ఉన్న గోడ కింది చోటు తోర్. అది అందరిలోకీ పెద్దవాళ్ళది. గుడారమైనా మేడైనా ఆ చోటు విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

ఫోను జేబులో వేసుకున్న కలీపా మాసిన బట్టల మూట మీద కూలబడింది.

"ఏమైందే?" అంది ఆయ్‌గానిష్.

"మా చిన్న మామగారు వస్తున్నారు. ఇవాళ మా ఇంట్లో పడుకుంటారు."

"ఏ చిన్న మామగారు? పేరేంటి?"

"నన్నడుగుతావేంటే! ఏడో నంబరు మంచం. పోయి చీటీ చూసుకో."

ఆయన పేరు ఒస్మొన్‌కుల్. కోడలు గనక కలీపా నోటితో పలకదు. మనం పలకవచ్చు. కలీపా మామగారికి ఆఖరి తమ్ముడు. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఇరవై నాలుగేళ్ళుగా కలీపా గడప తొక్కలేదు.

అప్పుడు ఆయన ఊరి సంతలో గుర్రాన్ని అమ్ముకుని, కొరడా ఒక్కటే చేత్తో పట్టుకుని వచ్చాడు. తోర్ గోడకు మేకు ఉంటే దానికి కొరడా తగిలించి, దాని కిందే కూర్చుని టీ తాగాడు. చీకటి పడ్డాక పై లోయ నుంచి ఇంకో అతిథి దిగాడు, బొడ్డు దాకా తెల్లగడ్డం వేసుకుని. తోర్ ఒక్కటే, పెద్దవాళ్ళు ఇద్దరు. కలీపా మా వాళ్ళందరిలాగే అడిగింది, "మీది ఏ ఏడు?" అని. "గుర్రం" అన్నాడు గడ్డమాయన. "గుర్రం" అన్నాడు మామగారు. మా లెక్కలో ఏళ్ళకు జంతువుల పేర్లు, పన్నెండేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ఇద్దరిలో ఒకరు పెద్ద గుర్రం, ఒకరు చిన్న గుర్రం. కలీపా తెల్లగడ్డాన్ని చూసింది, మామగారి నల్లటి మీసాన్ని చూసింది. గడ్డమాయనకు తోర్‌లో పరుపు వేసి, మామగారిని తలుపు వైపు పడుకోబెట్టింది.

ఆ గడ్డం యాభై ఏళ్ళకే తెల్లబడ్డ గడ్డమట. మామగారికి అప్పటికి అరవై రెండు. ఆయన ఒక్క మాట అనలేదు. తెల్లవారి కలీపా లేచేసరికి తలుపు దగ్గర బొంత మడిచి ఉంది, మేకుకు కొరడా లేదు. టీ అయినా తాగలేదు.

ఆ తర్వాత ఆయన నారిన్ వచ్చిన ప్రతిసారీ బండ్ల అడ్డాలోనో, ఎవరో దూరపు చుట్టాల ఇంట్లోనో పడుకున్నాడు. కలీపా భర్త మూకాష్ పోయినప్పుడు పల్లెకు వచ్చాడు, మట్టి వేశాడు, కోడలి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. కోడలు తనంతట తాను మామగారి దగ్గర ఆ మాట ఎత్తడానికి వీల్లేదు. ఇంటికి వచ్చినవాళ్ళను ఏనాడూ కాదనని మనిషికి ఆ ఒక్క పడక ఇరవై నాలుగేళ్ళు గుండెలో ముల్లయి కూర్చుంది. గోడకు మేకు అలాగే ఉండిపోయింది. మూకాష్ ఉన్నప్పుడు దానికి క్యాలెండరు తగిలిస్తే తీసేసింది. "మేకుతో కూడా నీకు చుట్టరికమేనా?" అన్నాడు ఆయన.

ఐదింటికి ఇంటికి వచ్చి చెప్పులు చూసింది. ఎనిమిది జతలు. పరీక్షలకొచ్చిన ఆడపిల్లలు ముగ్గురు, పసిపాపతో ఉన్న జంట, బండి చెడిపోయిన డ్రైవరూ వాడి తమ్ముడూ, కలీపా అమ్మ తరపు సాజిదా పిన్ని. పిన్నికి కంటి ఆపరేషన్. ఐదు రోజులుగా తోర్‌లో మహారాణిలా ఒత్తిగిలి పడుకుని, దిండు కింద ఎండు ద్రాక్ష దాచుకుని తింటోంది.

తోర్‌లో కూర్చున్న అతిథిని లేవమనడం మా వాళ్ళలో లేదు. లేపి ఇంకొకరికి ఇచ్చారంటే ఆ మాట లోయ అంతా పాకుతుంది. కలీపా బూట్లు విప్పి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, పిన్ని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"పిన్నీ, నీది ఏ ఏడు?"

"గుర్రం," అంది పిన్ని, ద్రాక్ష నములుతూ.

మళ్ళీ అదే గుర్రం. కానీ ఈసారి కలీపా గడ్డాలూ జుట్లూ చూసి ఊరుకోదలచుకోలేదు.

"ఏ గుర్రం పిన్నీ? ఎప్పటి గుర్రం?"

"ఏం, పెళ్ళి సంబంధం తెచ్చావా? పెద్ద యుద్ధం మా దేశం దాకా వచ్చిన మరుసటేడు పుట్టాను. మా నాన్న యుద్ధానికి పోతూ అమ్మ కడుపు మీద చెయ్యేసి పోయాడంట. ఇంక రాలేదు."

కలీపా గబగబా వేళ్ళు మడిచింది. యుద్ధం నాటికి మామగారు మందలో గుర్రాలు తోలుతున్నాడు. పెద్ద గుర్రం ఆయనే.

"పిన్నీ, మా చిన్న మామగారు వస్తున్నారు. ఆయనదీ గుర్రమే. నీకన్నా పన్నెండేళ్ళు పెద్ద."

పిన్ని నమలడం ఆపింది. కట్టు లేని కంటితో కలీపాను ఎగాదిగా చూసింది.

"అయితే? నన్ను లేవమంటావా? ఇంత వయసొచ్చాక తలుపు దగ్గరికి తోస్తావా నన్ను?"

"తలుపు దగ్గరికి కాదు, ఆయన పక్కకి. ఒకే ఒక్క రాత్రి. డాక్టర్లు చేతులెత్తేశారు పిన్నీ. నేనొకసారి ఆయన్ని తలుపు దగ్గర పడుకోబెట్టాను. దిద్దుకునే అవకాశం నాకు ఇంకోసారి రాదు."

పిన్ని దిండు కింద చెయ్యి పెట్టి ద్రాక్ష పొట్లం తీసి జాకెట్లో దోపుకుంది.

"మరి ముందే చెప్పొద్దూ? పన్నెండేళ్ళు పెద్దవాడి ముందు నేనింకా పిల్లదాన్నే. పట్టు, లేపు నన్ను. నడుం పట్టేసింది. ఇన్నాళ్ళకి ఒకరు నన్ను చిన్నదానివన్నారు."

ఆడపిల్లలు ముగ్గురూ కిసుక్కున నవ్వారు. కలీపా నవ్వలేదు, పిన్ని చెయ్యి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాత పని అంతా నిమిషాల్లో జరిగిపోయింది. పెట్టె మీది బొంతల దొంతర అడుగు నుంచి ఎన్నడూ పరవని ఎర్రబొంత లాగింది. మూకాష్ పోయిన ఏడాది చలికాలమంతా తానే గొర్రె ఉన్ని కొట్టి కుట్టిన బొంత అది. డ్రైవరును కిటికీ కిందికి పంపింది. బకాస్ భార్య మామగారి వరసలో కాళ్ళు చాపకూడదు గనక ఆమె పడక వంటింట్లో, తన పక్కన, బల్ల కిందికి కాళ్ళు పెట్టి. పదకొండు మంది, తనతో పన్నెండు. సరిపోయింది. సరిపోకుండా ఎలా ఉంటుంది?

ఆరున్నరకు వచ్చారు. మూడంతస్తులు బకాసే తండ్రిని వీపు మీద మోసుకొచ్చాడు. అంత మనిషి కొడుకు వీపు మీద కోటు తగిలించినట్టు ఉన్నాడు. మీసం తెల్లబడిపోయింది. కుడిచేతిలో కొరడా. ఆసుపత్రిలో కూడా దిండు కిందే పెట్టుకున్నాడనీ, నర్సులు "తాతా, ఎవర్ని కొడతావు?" అని ఆటపట్టించేవారనీ తర్వాత తెలిసింది.

కలీపా చేతులు కట్టుకుని వంగి మొక్కింది. ఆయన గుమ్మం లోపల దిగి, గోడ పట్టుకుని, ఆనాటిలాగే తలుపు పక్కనే కూర్చోబోయాడు.

"పైకి, మామయ్యా," అంది కలీపా. "పైకి రండి."

ఆయన తల ఎత్తి చూశాడు. ఎదురు గోడ కింద ఎర్రబొంత పరిచి ఉంది. దాని పైన మేకు, మేకు చుట్టూ ఖాళీ గోడ.

పసిపాప తండ్రీ బకాసూ చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్ళారు. ఎవరూ అడగకుండానే అందరూ లేచి నిలబడ్డారు, పిన్ని తప్ప. ఆయన కూర్చుని, రొట్టె విరిచి, ఉప్పేసిన పాలటీ రెండు గిన్నెలు తాగాడు. గది నిండా మాంసం పులుసు వాసన, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత జనం.

"కోడలా," అన్నాడు ఉన్నట్టుండి. "నీ ఇల్లు ఇరుకు."

"ఇరుకే మామయ్యా."

"ఆ గడ్డంవాడు ఉన్నాడా?"

గదిలో ఆ ప్రశ్న అర్థమైంది కలీపా ఒక్కదానికే. టీ కూజా కింద పెట్టింది.

"పోయి పదేళ్ళయింది మామయ్యా."

"నాకంటే ముందే? చిన్నవాడు గదా."

"తప్పు నాది మామయ్యా," అంది కలీపా. ఇరవై నాలుగేళ్ళు నోట్లో నలిగిన మాట తేలిగ్గా బయటికొచ్చేసింది. "ఏడు అడిగాను. ఎన్నో గుర్రమో అడగలేదు."

ఆయన గిన్నె ముందుకు చాపాడు, ఇంకా పొయ్యమన్నట్టు.

"నేను మాత్రం చెప్పానా?" అన్నాడు. "నోరుందిగా నాకు. చెప్పకుండా అలిగాను. ముసలి మొండిగుర్రాన్ని."

సాజిదా పిన్ని పక్కనుంచి, "ఆడదాన్ని నేనే చెప్పాను నా వయసు. నీకేమొచ్చింది?" అంది. ఆయన మీసం కదిలింది. కలీపా వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుదీరా ఏడ్చింది. అది దుఃఖం కాదు, సంతోషమే.

మర్నాడు ఆరింటికి ఆమె డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆయన మేలుకునే ఉన్నాడు. అరచేతులు రెండూ తెరిచి, పెదవులు కదిపి, ముఖం మీదుగా కిందికి దించాడు. ఆ దీవెనకు కలీపా వంగి మొక్కి మెట్లు దిగింది. ఇదే చివరిచూపని ఆమెకు తెలుసు. తెలిసీ నిబ్బరంగానే నడిచింది. పదింటికి ఏడో నంబరు మంచం దుప్పటి మూటలో వచ్చింది. ఆయ్‌గానిష్‌ని అవతలికి పొమ్మని, దాన్ని వేరుగా, చేత్తో ఉతికింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బొంతలు మడిచి పెట్టె మీద దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎర్రది అన్నిటికన్నా పైన ఉంది. కలీపా చూపు దాని మీద నుంచి గోడకు పాకింది. గబగబా ఫోను తీసింది.

"బకాస్, చేరారా? మామయ్య కొరడా మరిచిపోయారు. రేపు డ్రైవరుతో పంపిస్తాను."

"చేరాం వదినా. నాన్న దిగీ దిగగానే టీ అడిగాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. పంపకు. మరిచిపోలేదు. నేను తియ్యబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. దాని చోట అది ఉంది, ముట్టుకోకు అన్నాడు."

కలీపా ఫోను పెట్టేసే లోపే తలుపు చప్పుడైంది. ఎవరో దూరపు పల్లె మనిషి, భార్యను ఆసుపత్రిలో చేర్చి వచ్చాడు. ఎవరు పంపారో చెబుతూ గుమ్మంలో నసుగుతున్నాడు.

"చోటుంది," అంది కలీపా. "రా నాయనా, లోపలికి రా."

అతను తడిసిన కోటు విప్పి, ఎక్కడ తగిలించాలా అని గది అంతా చూసి, ఎదురు గోడ వైపు అడుగేశాడు. "అక్కడ కాదు," అంది ఆమె. తోర్ గోడకు, మేకు నుంచి వేలాడుతూ, చేతి పట్టు దగ్గర తోలు నున్నగా అరిగిన పాత కొరడా ఉంది.