కుట్టుమిషను స్టాండు మీద రంపం

నిచ్చెన మీంచి జారి పడినప్పుడు కరెంటాయనకు పైప్రాణం పైనే పోయినట్టయింది. తీరా లేచి కూర్చుని చూసుకుంటే ప్రాణం నిక్షేపంగా ఉంది, కుడిచేతి మణికట్టు మాత్రం విరిగింది.

ఎముక అతికింది. కట్టు విప్పిన డాక్టరు వేళ్ళు ముడవమన్నాడు, చాపమన్నాడు, అంతా బాగుందన్నాడు. ఆ బాగు పళ్ళు తోముకోవడానికీ, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికీ సరిపోయింది. పనికి సరిపోలేదు. స్క్రూడ్రైవరు తిప్పగలడు, వైరు తోలు ఒలవగలడు. కానీ దేన్నైనా గట్టిగా పట్టుకుని అదేపనిగా ఆడించాలంటే నాలుగు ఊపులకే వేళ్ళు వాటంతటవే సడలిపోయేవి. గోడల మీద ఇనప పైపులు వేసి వాటిలోంచి కరెంటు వైర్లు లాగడంలో అతనికి పేరుంది. అతను వేసిన పైపులు గీత గీసినట్టుంటాయని తోటి పనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. ఆ పైపు కోయాలంటే రంపం పట్టాలి. ఆ పట్టే ఇప్పుడు లేదు.

ఈ సంగతి భార్యకొక్కదానికే తెలుసని అతననుకున్నాడు. ఆమె మందుల షాపులో పనిచేసేది. పొద్దున్నే వెళ్తూ "ఇంట్లో కూర్చున్నందుకు మిమ్మల్నెవరూ కొట్టరు, కాస్త నిదానంగా ఉండండి" అని చెప్పేది. చెప్పడం తేలికే. పనిచేసే మనిషికి ఊరికే కూర్చోవడమంత పెద్ద పని ఇంకోటి లేదు.

అలాంటి రోజుల్లో అత్తగారు ఒక నిప్పు తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

ఆవిడ ఒక పరుపుల కార్ఖానాలో గలేబులు కుట్టేది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్నీ ఆ మిషను మీదే పెంచి పెద్ద చేసిన మనిషి. కార్ఖానా యజమానిని అందరూ పరుపులాయన అనేవారు. ఆయన వెనకవైపు కొత్త హాలు కట్టించాడు. చుట్టూ దూది, స్పాంజి. ఎలకలు కొరక్కుండా, పొరపాటున వైరు కాలినా మంట బయటికి రాకుండా మొత్తం వైరింగు ఇనప పైపుల్లోనే ఉండాలన్నాడు. అంతే, అత్తగారు మిషను ఆపి, మా పెద్దల్లుడున్నాడు కదా, సోమవారం నించీ వస్తాడు అని చెప్పేసింది. అల్లుణ్ణి అడగనైనా అడగలేదు.

అది విని కరెంటాయనకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. చెయ్యలేనంటే అత్తగారి మాట పోతుంది. చేస్తానంటే తన పరువే పోతుంది. రాత్రంతా భార్య మీద చిరాకు పడి, పొద్దున్నే సంచీ భుజానేసుకుని బయల్దేరాడు.

మొదటిరోజు కొలతలతో, గోడల మీద గీతలతో గడిచింది. రెండో రోజు అసలు కథ మొదలైంది. పైపును కదలకుండా వైసు దవడల మధ్య బిగించి, రంపానికి సన్న పళ్ళ బ్లేడు వేశాడు. పైపు గోడ పలచన. దానికి ముతక పళ్ళ బ్లేడు వేస్తే పైపంచు పళ్ళ మధ్య ఇరుక్కుని, పన్నైనా ఊడుతుంది, పైపైనా నలుగుతుంది. ఆ ఎంపికలో తప్పేం లేదు. తప్పంతా చేతిలో ఉంది. సగం కోసేసరికి మణికట్టులోంచి నొప్పి మోచేతికి పాకింది, రంపం పక్కకు వాలింది, కోత ఏటవాలుగా వచ్చింది. ఎడంచేత్తో ప్రయత్నిస్తే అది ఎంత వయసొచ్చినా అక్షరాలు రాని మనిషిలా ఎటెటో పోయింది. మధ్యాహ్నానికి తెగింది రెండు పైపులు. రెండూ వంకరే.

పైపుల పని సంగతి అత్తగారి దగ్గర విని సాయంత్రం తోడల్లుడు ఫోను చేశాడు. అతను వెల్డింగు షెడ్డు నడిపేవాడు. గ్రైండరంటే అతనికి ప్రాణం, దాంతో గడ్డం కూడా గీసుకుంటాడని ఇంట్లో నవ్వుకునేవారు.

"అన్నయ్యా, ఎందుకొచ్చిన తిప్పలు? గ్రైండరు పట్టుకొస్తా. జర్రున కోసి పడేద్దాం" అన్నాడు.

వద్దన్నాడు కరెంటాయన. గ్రైండరు కొరివి లాంటిది, నిప్పురవ్వలు కుప్పపోస్తుంది. పరుపులాయన ఆవరణలో అగ్గిపుల్ల కూడా గీయనివ్వడు. ఎండకు ఆరేసిన దూది మీద ఒక్క రవ్వ పడితే కార్ఖానా బూడిదే. పైగా గ్రైండరు వేడికి పైపు పూత మాడిపోయి, ఆ చోటు త్వరగా తుప్పు పడుతుంది. ఇక తన చేతి సంగతి సరేసరి. తిరిగే చక్రం ఒక్కసారి ఎగిరితే ఆపే బలం తనకు లేదు. పోనీ కొలతలిస్తే నా షెడ్డులోనే కోసి పంపిస్తానన్నాడు తోడల్లుడు. గోడ ఎక్కడ వంకరుందో, ఎక్కడ దూలం అడ్డొస్తుందో ముక్క ముక్కకీ చూసుకుని కోయాల్సిన పని అది. షెడ్డులో ముందే కోసుకొస్తే కుదరదు.

మర్నాడు చక్రం కట్టరు తీసుకెళ్ళాడు. దాన్ని పైపుకు తగిలించి చుట్టూ తిప్పుతూ, తిప్పినప్పుడల్లా కాస్త బిగిస్తూ పోతే పైపు శుభ్రంగా తెగుతుంది. ఆగి ఆగి తిప్పుకోవచ్చు కాబట్టి చెయ్యి ఎలాగో ఓర్చుకుంది. ఒక్క ముక్క చక్కగా, తిన్నగా వచ్చింది. ఆ సంతోషంలో భోజనాల వేళ దాన్ని పట్టుకెళ్ళి అత్తగారికి చూపించాడు.

ఆవిడ ఆ పైపు చివర చూసింది. మిషను పక్కన పడున్న పలచటి సిల్కు పేలిక తీసి, పైపులోకి దోపి అవతల్నించి లాగింది. పేలిక సగంలో తట్టుకుని చర్రున చిరిగింది.

"వైరు తోలు గుడ్డ కంటే గట్టిదా అల్లుడుగారూ?" అంది.

కరెంటాయన కోత లోపల వేలు పెట్టి చూశాడు. చక్రం నొక్కిన చోట అంచు లోపలికి మడతపడి, కత్తిలా నిలబడి ఉంది. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. చక్రంతో కోసిన ప్రతి పైపునీ లోపల ఆకురాయితో అరగదీయాల్సిందే, లేకపోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు పైపే వైరును కోసేస్తుంది. కానీ అంత మందంగా మడతపడిన అంచును అరగదీసే ఓపిక ఈ చేతికి లేదు. అది తెలిసే, ఒక్క తిన్నటి కోత చూసుకుని మురిసిపోయి, మిగతాది రేపటికి నెట్టాడు. ఇంక దాచి లాభం లేదనిపించింది. పక్కనున్న దూదిమూట మీద కూలబడ్డాడు.

"నా చెయ్యి పట్టు పోయిందండీ అత్తయ్యగారూ. రంపం ఆడించలేను. వాళ్ళకి ఇంకొకర్ని చూసుకోమని చెప్పండి."

ఆవిడ ఓదార్చలేదు. చెయ్యి చాపమని, ఎక్కడ నెప్పో, ఏ కదలికకు నెప్పో అడిగింది. ముందుకూ వెనక్కూ ఆడిస్తే నెప్పి, ఊరికే ఆనించి తోస్తే లేదు. అది విని ఆవిడ కాసేపు తన మిషను వంకే చూసింది. తర్వాత సగం కుట్టిన గలేబును సూది కిందికి తోసి, కాలితో నొక్కింది. మిషను గుర్రుమంది, గుడ్డ తనంతట తానే జరుగుతున్నట్టు ముందుకు పోయింది.

"నేను సూది పట్టుకుని గుడ్డంతా తిరగను. సూది ఉన్నచోటే ఉంటుంది, గుడ్డని దాని దగ్గరికి నడిపిస్తాను. మీరు రంపాన్నెందుకు మొయ్యాలి? దాన్నే ఓ చోట కూర్చోబెట్టి పైపుని నడిపించండి."

కరెంటాయన గబగబా లేచి తోడల్లుడికి ఫోను చేశాడు. షెడ్డులో అటక మీద ఒక బ్యాండు రంపం పడి ఉండాలి. చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపమది, సన్నటి ఇనప పట్టీ లాంటి బ్లేడు గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది. రవ్వలు లేవవు, పైపు కాలదు, కోత నున్నగా వస్తుంది. కానీ బరువు, రెండు చేతులా పట్టుకోవాలి. అందుకే ఇన్నాళ్ళూ దాని ఊసే తలచుకోలేదు.

ఉందన్నాడు తోడల్లుడు. గ్రైండరు మీద మోజుతో దాని మొహమే చూడలేదనీ, కావాలంటే ఉంచేసుకోమనీ అన్నాడు. ఇక దాన్ని నిలబెట్టడానికి గట్టి స్టాండు కావాలి. ఆ మాట వినగానే అత్తగారు తన ఇంట్లో పాత కుట్టుమిషను స్టాండుందంది. పోత ఇనుముది. పైనున్న మిషను ఎప్పుడో అరిగిపోతే తీసేసి, స్టాండు మీద పూలకుండీలు పెట్టుకుంది. పిల్లలిద్దరూ దాని కిందే ఆడుకుని పెరిగారు.

ఆదివారం తోడల్లుడి షెడ్డులో ముగ్గురూ చేరారు. రంపాన్ని స్టాండు మీద నిలువుగా బిగించారు. బ్లేడు చుట్టూ రేకు తొడుగు పెట్టి, కోత జరిగే మేర మాత్రం వదిలారు. పైపు దొర్లకుండా కరెంటాయన ఒక చెక్కదిమ్మెకు లోతుగా గాడి తీశాడు. పైపును ఆ గాడిలో పట్టీతో బిగిస్తే, దిమ్మెను అరచేత్తో తోస్తే చాలు, వేళ్ళు బ్లేడు దరిదాపులకే పోవు. రంపాన్ని కాలితో నడపడానికి అత్తగారు తన మిషను పెడలు ఇస్తానంది. అది ఈ మోటారు కరెంటుకు తట్టుకోదు, మాడిపోతుందని చెప్పి, గట్టి కాలి స్విచ్చు ఒకటి తనే తెచ్చి బిగించాడు. కాలు తీస్తే రంపం ఆగిపోతుంది.

బ్లేడు ఎంచుకునేటప్పుడు పైపు గోడ పలచన కాబట్టి దగ్గర పళ్ళదే కావాలని తోడల్లుడికి వివరించబోతే, అత్తగారు మధ్యలోనే అందుకుంది. పలచటి గుడ్డకు లావు సూది వేస్తే చిల్లులు పడవా మరి, అంది. తోడల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, అత్తే స్టాండిచ్చి, బుద్ధి కూడా ఇచ్చి పంపడం ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

"నీకూ ఇచ్చానులే, నువ్వే తీసుకోలేదు" అంది ఆవిడ. చిన్నల్లుణ్ణి ఆవిడ మొదట్నించీ నువ్వనే అనేది.

సోమవారం కార్ఖానా ఆవరణలో స్టాండు దింపారు. కరెంటాయన పైపును గాడిలో బిగించి, కాలు నొక్కి, అరచేత్తో మెల్లగా తోశాడు. ఇనప పొడి సన్నగా రాలింది. పైపు తెగి, ముక్క మెత్తగా చేతిలోకొచ్చింది. నొప్పి లేదు. లోపలంచున మిగిలిన పదును కూడా ఆకురాయి రెండుసార్లు తిప్పేసరికి పోయేంతే. అతను ఆ ముక్కను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. ఇనప పొడి పడిందేమోనని పరుపులాయన నీళ్ళు తెచ్చిచ్చాడు. అదే నయమనుకుని మొహం కడుక్కున్నాడు.

తర్వాత పని ఆడుతూ పాడుతూ సాగింది. కోసిన ప్రతి ముక్కా అత్తగారి సిల్కు పేలిక పరీక్ష దాటాకే గోడ ఎక్కేది. కుట్టేవాళ్ళందరికీ అదొక వేడుకైంది. పేలిక తట్టుకుందంటే "ఫెయిలు" అని నవ్వేవారు, అతను మళ్ళీ ఆకురాయి అందుకునేవాడు. హాలు పూర్తయిన సాయంత్రం స్విచ్చు వెయ్యమని పరుపులాయన అత్తగారినే పిలిచాడు. ఆవిడ వేసింది. హాలంతా తెల్లటి వెలుగు నిండింది. గోడల మీద పైపులు తిన్నగా, ఎక్కడా ఒక వంకర లేకుండా మెరిశాయి. పరుపులాయన తలెత్తి ఒక చివర నించి ఇంకో చివరకు నడుస్తూ చూసి, తన తమ్ముడి గోదాముకు కూడా ఇలాగే కావాలన్నాడు.

అత్తగారూ అల్లుడూ ఇద్దరూ ఇంటికి నడిచి వస్తున్నారు. కరెంటాయనది ఇంటివాళ్ళకు కృతజ్ఞతలు చెప్పడం అలవాటులేని నోరు. చివరికి ఆగిపోయాడు.

"నన్నడక్కుండా మాటిచ్చినందుకు ఆ రోజు మీమీద చాలా కోపమొచ్చిందండీ. ఇవాళ మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలనుంది."

"నడిరోడ్డు మీద వద్దులెండి, బళ్ళొస్తున్నాయి" అంది ఆవిడ. నాలుగడుగులు నడిచాక మళ్ళీ తనే చెప్పింది. అతని చెయ్యి సంగతి ఆవిడకు ముందే తెలుసట. గ్లాసు ఎప్పుడూ ఎడంచేత్తోనే అందుకోవడం చూసిందట. అందుకే కావాలనే మాటిచ్చింది.

"మీ మావగారు పోయాక నేను మిషను ముట్టుకోలేదు. కాళ్ళు ఆడేవి కావు. పరుపులాయన వాళ్ళమ్మగారు ఓ చిరిగిన గలేబు తెచ్చి నా ఒళ్ళో పడేసి, రేపటికి కావాలని చెప్పి వెళ్ళిపోయింది. కుట్టగలవా అని అడగలేదు. అడిగుంటే లేదనేదాన్ని. ఆవిడ చేసిన మేలు ఆవిడకి నేనెప్పుడూ చెప్పుకోలేదు, ఈలోపే ఆవిడ కాలం చేసింది. మీరు నాకు చెప్పారు, అదే చాలు."

ఇంటికొచ్చేసరికి భార్య షాపు నించి వచ్చి తలుపు తీస్తోంది. కరెంటాయన గోదాము పని సంగతి చెబితే ఆమె మొదట అతని చెయ్యే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వాపు లేదు. అప్పుడు గానీ నవ్వలేదు. కుర్చీ తెచ్చి తల్లిని కూర్చోబెట్టి, ఈ పూటకు ఇక్కడే ఉండిపొమ్మంది. కరెంటాయన లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చాడు. అత్తగారికి గ్లాసు కుడిచేత్తోనే అందించాడు. అది కాస్త వణికింది. ఆవిడ రెండు చేతులా అందుకుంది.