నీళ్లకు నూరు జ్వరం

షంషాబాద్‌లో పెళ్లి ఫొటోలంటే ఒకప్పుడు యోనానే. ఊళ్లో పెళ్లికూతుళ్లందరినీ తీశాడు గానీ, సొంత పెళ్లాం యేసుమణి వయసులో ఉన్నప్పటి ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదు. ఉన్న పెళ్లి ఆల్బమ్ కాస్తా ఒక వానాకాలం ఇల్లు కురిసి ముద్దయిపోయింది. డిజిటల్ కెమెరాలొచ్చి స్టూడియో మూతపడ్డాక ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో పనికి కుదిరిన యోనాకు, కూతురు జెన్నిఫర్ అడిగేదాకా ఆ ధ్యాసే లేదు.

"అమ్మ నా వయసుల ఎట్లుండె బాపూ?"

యేసుమణి ఊరుకుంటుందా! "నీ బాప్తిస్మం నాడు అందర్నీ తీసిండు బిడ్డా. నా వంతొచ్చేసరికి వెలుతురు పోయిందన్నడు."

"తీసిన! చర్చి మెట్ల మీద, పచ్చచీరల. గా రీలు ఇంక కెమెరాలనే ఉంది."

ఆ బాప్తిస్మం రోజే కెమెరా రీలు తిరగకుండా పట్టేసింది. అప్పట్నుంచీ రీలుతో సహా అల్మారీ మీద పడుంది.

"పదిహేడేండ్ల రీలుల ఏముంటది? పారెయ్," అని కసిరింది యేసుమణి. ఆ కసురులో ఏదో తొట్రుపాటు ఉంది గానీ యోనా పట్టించుకోలేదు. భార్య ముఖం కూతురికి చూపించాలని పంతం పట్టాడు.

అంత పాత రీలును మిషన్‌లో వెయ్యలేమని ల్యాబ్‌వాళ్లు చేతులెత్తేశారు. అయితే నేనే కడుగుతానని ముంబై నుంచి మందులు తెప్పించాడు. బ్లాక్ అండ్ వైట్ ఎన్నోసార్లు ఇంట్లో కడిగిన చెయ్యే. ఈ రీలేమో కలర్ది, కలర్ కడగడం మాత్రం ఎన్నడూ ముట్టలేదు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే కిటికీలకు దుప్పట్లు కట్టి, చీకట్లో కెమెరా విప్పి, రీలును వెలుతురు చొరని డబ్బాలోకి ఎక్కించాడు. ఆ డబ్బాలో మందు పోసి వేడినీళ్ల టబ్బులో ఉంచాలి. నీళ్లు ముప్పై ఎనిమిది డిగ్రీలు తప్పకూడదు. కొలవడానికి ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరే.

"అంటే నీళ్లకు నూరు జ్వరం ఉండాలె," అన్నాడు ఫారెన్‌హీట్‌లోకి లెక్కగట్టి.

"నాకు జ్వరమొస్తే ఎన్నడన్న గింత పరేషాన్ అయినవా?" అంది యేసుమణి.

యోనా డబ్బా తిప్పుతూ థర్మామీటర్ చూశాడు. నూరు. కాసేపాగి చూశాడు. నూరే. చెప్పినట్టు వింటున్న నీళ్లను మనసులోనే మెచ్చుకుంటున్నాడు. యేసుమణి వేలు ముంచి చూసి నెత్తి కొట్టుకుంది.

"నీళ్లు చల్లారుతున్నయ్, నీ జ్వరమొక్కటే దిగుతలేదు! దులపకుంటే పాదరసం ఎట్ల దిగుతది?"

థర్మామీటర్ లాక్కుని దులిపి, చెంబెడు వేడినీళ్లు పోసింది. ఇక చివరిదాకా ఆమె దులుపుతూ, పోస్తూ, తిడుతూ ఉంటే అతను డబ్బా తిప్పుతూ కూర్చున్నాడు. ఇద్దరూ ఒక్క పని మీద కూర్చుని ఎన్నాళ్లయిందో. యోనాకు ఆ తిట్లు కూడా హాయిగానే ఉన్నాయి.

కడిగిన రీలును దండేనికి క్లిప్పు పెట్టి వేలాడదీశారు. రంగులు వెలిసినా బొమ్మలు వచ్చాయి. యోనా భూతద్దం పట్టుకుని వెతికాడు. చర్చి మెట్ల మీద పాస్టర్‌గారు, చుట్టాలు, ఒళ్లో పాప జెన్నిఫర్‌తో నాయనమ్మ. యేసుమణి ఎక్కడా లేదు. మళ్లీ మొదటినుంచి వెతికాడు.

"నువ్వన్నదే నిజం మణీ, వెలుతురు పోయిందనే అన్న," అన్నాడు. ఇన్నేళ్లూ తీశాననే నమ్మాడు పాపం.

యేసుమణి దెప్పలేదు. చివరి బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇది నేను నొక్కిన. ఆ పొద్దు మాపటికి నువ్వు కుర్చీల గురకపెడుతుంటివి. నొక్కంగనే కెమెరా పట్టేసింది. తిడతవని చెప్పలే."

యోనా చూశాడు. కుర్చీలో నోరు తెరుచుకుని తను. వెనక అల్మారీ అద్దం. ఆ అద్దంలో, కెమెరాను కంటికి పెట్టుకోవాలని కూడా తెలియక పళ్లెంలా గుండెకు ఆనించుకుని, పడుచు యేసుమణి. నిద్రపోతున్న మొగుణ్ని చూసి నవ్వుతోంది. ఎందరో పెళ్లికూతుళ్లను నవ్వమ్మా నవ్వమ్మా అని బతిమాలిన యోనా, తన కోసం నవ్విన ఆ నవ్వును ఇన్నాళ్లూ చూడనే లేదు.

"జుట్టేంది, అప్పుడే గింత తెల్లగుంది?" అంది ఆమె, భూతద్దం తీసుకుని.

"నెగెటివ్ల గట్లనే ఉంటది. ప్రింటేస్తే నల్లగైతది."

"మరి బిడ్డ అడిగితే ఏం చెప్తవ్, ఎవరు తీసిన్రని?"

యోనా కళ్లు తుడుచుకున్నాడు. "మీ అమ్మే తీసుకుంది, నేను పండుకున్న అని చెప్త."