ఎండిన చిక్కుడు మడి

సెలవులకు ముందురోజు సైన్సు టీచరు తోట తాళంచెవి ఆయమ్మ చేతిలో పెట్టింది. "అయిదు తరగతులకీ అయిదు మళ్ళు. బడి తెరిచేదాకా నీదే పూచీ." పదకొండేళ్ళుగా ఆ బడి గదులు ఊడుస్తున్న ఆయమ్మకు అదో పనిలా తోచలేదు.

మూడో వారంలో బోరు గాలి కక్కింది. మోటారు మెకానిక్ పైపు తట్టి చూసి, "అడుగంటింది. వానలు పడేదాకా ఇంతే," అనేసి వెళ్ళిపోయాడు. వీధి కుళాయి దగ్గర గంటసేపు నిలబడితే ఎనిమిది బిందెలు. అయిదు మళ్ళకూ తలా కాస్త చిలకరించింది. నాలుగు రోజులకు అన్నీ తలలు వేలేశాయి.

టీచరుకు ఫోన్ చేసింది. "నీకెలా తోస్తే అలా చెయ్యి ఆయమ్మా," అందావిడ.

వంగ కాపుమీదుంది, టమాటా పూతమీదుంది. ఆ రెండూ బతకాలి. ఒకటో తరగతి ఆకుకూర ఎటూ మాడిపోయింది. మిగిలింది మూడో తరగతి బెండ, రెండో తరగతి చిక్కుడు. మిగిలే నీళ్ళు వాటిలో ఒక్కదానికే వస్తాయి. ఆ చిక్కుడు విత్తు ఆ తరగతిలోనే చదివే తన మనవరాలు పెట్టింది. దానికి పోస్తే, సొంత మనిషని పోసుకుందంటారు. ఆయమ్మ బిందె బెండ పాదులో వంపేసింది.

"నా తీగ ఎంతయింది అమ్మమ్మా?" అని ఇంటి దగ్గర పిల్ల రోజూ అడిగేది. నిజం చెప్పడానికి ఆయమ్మకు నోరు రాలేదు. "పందిరెక్కిందే," అని చెయ్యెత్తి చూపించేది.

బడి తెరిచారు. "మూడు మళ్ళు నిలబెట్టావు, నువ్వు కాబట్టి!" అని టీచరు మెచ్చుకుంటోంది. ఆయమ్మ చెవికెక్కలేదు. అవతల పుల్లలకు చుట్టుకుని ఎండిపోయిన తీగల ముందు మనవరాలు నిలబడి ఉంది. ఏడవలేదు.

"ఎండిపోతే ఎండిపోయిందని చెప్పొచ్చుగా. పందిరెక్కిందని మా బెంచీ వాళ్ళందరికీ చెప్పేశాను."

"నీళ్ళు చాల్లేదే తల్లీ..."

"అది కాదు అమ్మమ్మా," అంది పిల్ల.



వానలు పడ్డాయి. ఆ మడిలో మళ్ళీ విత్తులు పెట్టారు, మొలిచాయి కూడా. కానీ అమ్మమ్మ ఏం చెప్పినా, నీళ్ళు కాగాయన్నా సరే, ఆ పిల్ల వెళ్ళి తల్లిని "నిజమేనా?" అని అడిగి వచ్చేది.