పాస్టరు గారు కొరికిన బొమిక

ఎనభై ఆరులో మిరప బస్తాలు మీద పడి నా కాలెముక నుజ్జయింది. గుంటూరు డాక్టరు గారు ముందుగా మా మేకపోతు కాలెముకలో చిల్లుల పింగాణీ ముక్క పెట్టారు. ఆ చిల్లుల్లోకి ఎముక పెరిగితే నాకూ పెడతానన్నారు. ఆరు నెలలు మేపాను. తీరా పాస్టరు గారు భోజనానికొచ్చారని మా ఆవిడ రెబ్కా దాన్ని కూర వండేసింది.

తింటుండగానే డాక్టరు గారొచ్చి లబోదిబోమన్నారు.

"ఆ కాలు ఎవరు తిన్నారయ్యా?"

"నేనేనండీ," అన్నారు పాస్టరు గారు. "మూలుగ కోసం ఎంత కొరికినా బొమిక విరగలేదు. నా పన్నే విరిగింది."

డాక్టరు గారు కంచంలోంచి బొమిక తీసి, ఎండకు పట్టి చూసి, "అతికింది తోమా!" అని నా భుజం చరిచి గంతేశారు.

ఇప్పుడు నా కాలూ అతికింది. పాస్టరు గారు భోజనానికొస్తే మాత్రం కాలు ముడుచుకుని కూర్చుంటాను.