హిల్డా తోటలో గుసగుసలు

అక్టోబరు రాగానే హిల్డా ప్రోసర్ పెరట్లో బీచ్ అనే పెద్ద నీడచెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని నీలిపూల బ్లూబెల్ గడ్డలు నాటుతుంది. మొన పైకుండేలా బెత్తెడు లోతున పెట్టి, పైన మాగిన ఆకులు కప్పుతుంది. ఆ నీడలో మరో మొక్క బతకదు.

ఆ ఊళ్ళో బ్లూబెల్స్ నాటేటప్పుడు విన్న మాటల్నే వసంతంలో పూసి చెబుతాయి. అందుకే అందరూ కబుర్లాడుకుంటూ నాటుతారు. పాస్టరు గారి భార్య తోటలోనైతే మే నెలంతా ఊరివాళ్ళ మీద చాడీలే.

హిల్డా పెళ్ళి చేసుకోలేదు. బతుకంతా బస్సు నడిపింది. రిటైరై ఈ ఊరొచ్చిన కొత్తలో, అలవాటు కొద్దీ స్టాపుల పేర్లు గొణుక్కుంటూ నాటింది. ఆ వసంతం పూలన్నీ "మార్కెట్ వీధి... దిగేవాళ్ళున్నారా?" అని అడిగాయి. ఎవరూ దిగలేదు. ఆ తర్వాత ఆవిడ నోరు మూసుకునే నాటింది. పూలు కూడా ఒక పక్కకి తలలు వాల్చి మూగగానే పూశాయి.

పోయిన శరత్కాలంలో ఆవిడకి గట్టిగా జ్వరమొచ్చింది. తగ్గేదాకా తలుపు తట్టినవాళ్ళు లేరు. లేచి గడ్డలు నాటుతుంటే నోరు జారింది. "ఎవరైనా వచ్చి నాతో ఇంత టీ తాగితే బావుణ్ణు."

నాలిక్కరుచుకుంది. అప్పటికే మట్టి వినేసింది.

మేలో ఒక పొద్దున కిటికీ తీసేసరికి చెట్టునీడంతా నీలం. నీలమంతా గుసగుస. "ఎవరైనా వచ్చి..." వందల గొంతులు, అన్నీ ఆవిడవే. సిగ్గుతో చచ్చిపోతూ కత్తెర పట్టుకుని పరిగెత్తింది. ఒక కాడ పట్టుకుంది కానీ కోయడానికి చేతులు రాలేదు. తన గొంతు అంత దీనంగా ఉంటుందని ఆవిడకే తెలీదు.

మొక్కల కంచె అవతల దగ్గు వినిపించింది. పక్కింటి గ్విలిమ్ బఫ్టన్. ఇన్నేళ్ళలో ఆయన కంచె కత్తిరించే చప్పుడు వినడమే తప్ప మనిషిని సరిగ్గా చూసింది లేదు.

"పొద్దుట్నుంచీ పిలుస్తున్నారు హిల్డా గారూ. గడ్డం గీసుకునేసరికి ఆలస్యమైంది."

"పిలిచింది నేను కాదండీ, పూలు."

"గొంతు మీదేగా!"

ఆవిడ కత్తెర వెనక్కి దాచుకుంది. లోపలికెళ్ళి పై అరలోంచి రెండో కప్పు తీసి, దుమ్ము కడిగింది.

గ్విలిమ్ లోపలికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆయన అల్లం కేకు మూడు ముక్కలు తిన్నాడు. నత్తల బెడద గురించి కాసేపు చెప్పాడు. మిగతా సేపు బయట మొదలైన వాన చూశారు. చివరికి లేచి టోపీ పెట్టుకున్నాడు.

"రేపు కూడా పిలుస్తాయా?"

"రాలిపోయేదాకా పిలుస్తాయి."

"రాలిపోయాక?"

హిల్డా ఆయన కోసం తలుపు తీసి పట్టుకుంది.

"అప్పుడు నేను పిలుస్తాను," అంది.