తీగ తల తుంచిన చేయి

ఏడు, కాదు, ఆ పెద్దాకు వెనక ఇంకో సొరకాయ వేలాడుతోంది, ఎనిమిది, నిన్న సాయంత్రం బట్టలు తియ్యడానికి పైకి వచ్చినప్పుడు ఏడే ఉన్నాయి, ఇది ఎక్కడినుంచి ఊడిపడింది, లేక నిన్నే ఉండి తన కళ్ళకు దొరకలేదా, దొరకకపోవడమేమిటి, ఈ పందిరి మీద తన చూపు పడని ఆకు లేదు, ఏ పిందెకు నూగు రాలిందో, ఏ కాయ మెడ ఎటు వంకర తిరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, తన సొంత తీగ గురించి అడిగితే మాత్రం, సరే, అదిప్పుడెందుకు, ముందు ఈ కుర్చీలు వెయ్యాలి, మొక్కలవాళ్ళు వచ్చే వేళయింది, పది కుర్చీలు చాలవేమో, కిందనుంచి బల్ల తెమ్మని ఆయనకు చెప్పి అరగంటయింది, ఆయన ఇంకా పేపరు మడవలేదు.

మొక్కలవాళ్ళంటే ఈ వీధిలోనూ పక్క వీధిలోనూ ఉన్న ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు, నెలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో చేరి ఎవరి తోట ఎలా ఉందో చెప్పుకుంటారు, ముందు పోయిన మొక్క సంగతి చెప్పాలి, తర్వాతే కాసినదాని సంగతి, అది పోస్టుమాస్టారు పెట్టిన నియమం, లేకపోతే గొప్పలు చెప్పుకోవడంతోనే పొద్దు గడిచిపోతుందని ఆయన భయం, ఈ నెల వంతు తమ ఇంటిది, కింద పెరడు తనది, పైన మేడ తోడికోడలిది, అన్నదమ్ములిద్దరూ ఇల్లు కట్టుకుని పెరడు పెద్దవాళ్ళకు, మేడ చిన్నవాళ్ళకు అని పంచుకున్న రోజున తను ఎంత సంబరపడింది, ఎంతైనా నేల నేలే కదా, కుండీల్లో ఏం పెరుగుతాయిలే పాపం అనుకుంది, ఇప్పుడు ఆ పాపం అన్న మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది, ఇద్దరి తీగలూ ఒకే కాయ గింజలు, తన పెరట్లో కాసిన కాయే, చెరి ఆరు తీసుకున్నారు, ముందు తనే ఏరుకుంది, బొద్దుగా ఉన్నవి ఆరు ఏరుకుని మిగిలినవి ఇచ్చింది, అయినా చూడు, పగిలిన నీళ్ళ డ్రమ్ములో మట్టి పోసి పెట్టిన తీగకు ఎనిమిది కాయలు, నేలతల్లి ఒడిలో పెట్టిన తన తీగకు ఆకులు, ఒక్కో ఆకు కంచమంత, పందిరంతా కమ్ముకుని కింద పట్టపగలే చీకటి, పూలకేం తక్కువ లేదు, తెల్లగా విరగబూస్తుంది, తెల్లారేసరికి రాలిపోతుంది, అన్నీ మగపూలే, ఆడపువ్వు మూడు నెలల్లో నాలుగు చూసిందేమో, అవీ పిందె దశలోనే పండి రాలాయి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోసింది, పేడ ఎరువు వేసింది, పైన ఒక కాయ పెరిగినప్పుడల్లా కింద ఒక తట్ట ఎరువు వేసింది, ఎంత వేస్తే అన్ని ఆకులు.

కుర్చీలు వెయ్యడం అయిందో లేదో మెట్ల మీద చెప్పుల చప్పుడు, బ్యాంకు మేడం గొంతు అందరికంటే ముందు పైకి వచ్చేసింది, ఏమే సొరకాయా, పందిరి కిందనుంచి బయటికి రావే, నీకోసం కాదు నీ కాయలకోసం వచ్చాం అంటోంది, సొరకాయట, తోడికోడలు ఈ గుంపులో చేరి ఆర్నెల్లు కాలేదు, పేరు కూడా పెట్టేశారు, తను నాలుగేళ్ళుగా వెళ్తోంది, తనకే పేరూ లేదు, ఆ ల్యాబులో రక్తం తీసే ఆవిడ అంటారు, అంతే, చెయ్యి తేలిక, సూది గుచ్చినట్టే ఉండదు అని మాత్రం అందరూ అంటారు, చిన్నామె పనిచేసేది ఫోనులో, పొద్దస్తమానం జనాల ఫిర్యాదులు విని జవాబులు చెప్పే ఉద్యోగం, తిట్టేవాళ్ళు కూడా చివరికి థాంక్స్ చెప్పి పెట్టేస్తారట, ఆ గొంతు అలాంటిది, ఎక్కడా గరుకు తగలదు, మొన్న ఒక కాయ కోసి కిందికి పంపితే తన మొగుడు దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి చూసి, మా మరదలు చేతిలో ఏదో ఉందోయ్ అన్నాడు, ఏముందో అడగాలనుకుంది, అడగలేదు, ఆ కాయను మాత్రం ముక్కలు మరీ సన్నగా తరిగింది, ఆకారం తెలియకుండా.

అందరూ కూర్చున్నారు, మాట మొదలైంది, బ్యాంకు మేడం గులాబీకి పిండినల్లి పట్టి మూడు కుండీలు పోయాయట, సబ్బు నీళ్ళు కొట్టాను, నా మొగుడిక్కూడా అంత సేవ చెయ్యలేదు అంటే అందరూ నవ్వారు, పోస్టుమాస్టారి వంగకు కాయతొలుచు పురుగు, ఆయన దాన్ని కూడా పదవీ విరమణ చేసినవాడి శాంతంతో చెప్పారు, పది కాయలు కాస్తే ఆరు దానికి, నాలుగు నాకు, దానికి సంసారం పెద్దదిలెండి అని, తర్వాత తన వంతు, ఏం పోయిందమ్మా అన్నారు, ఏం పోలేదండీ అంది, మరేం కాసింది అన్నారు, ఏం కాయలేదండీ అంది, అలా చెప్పవలసి వస్తుందని రాత్రినుంచి తెలుసు, అయినా పెదవులు దాటాక ఆ రెండు మాటలూ ఎంత బోసిగా వినిపించాయి, చచ్చిన మొక్కకు ఒక మర్యాద ఉంటుంది, నలుగురూ అయ్యో అంటారు, కాసిన మొక్కకు ఒక మర్యాద ఉంటుంది, తనదాన్ని ఎందులో వెయ్యాలో ఎవరికీ తెలియక ఒక్క క్షణం అందరూ కింద పెరట్లోకి తొంగి చూశారు, అబ్బో ఎంత పచ్చగా ఉందండీ అన్నారెవరో, పచ్చగా ఉంది, ఉంటుంది, ఇవాళ విత్తనం కాయను కూడా తేల్చాలి, ఏడాదికొకసారి అందరి తోటల్లోనూ మంచి సొరకాయ ఏదో చూసి దాని మెడకు ఒక గుడ్డపీలిక కడతారు, ఇక దాన్ని ఎవరూ కొయ్యకూడదు, తీగమీదే ముదరాలి, వచ్చే ఏడు ఆ గింజలే అందరికీ, మూడేళ్ళుగా ఆ పీలిక తన పెరట్లోనే కట్టారు, మూడేళ్ళుగా ఈ వీధిలో ఏ పందిరి చూసినా లోలోపల ఇది నాదే అనుకుంటూ నడిచేది, ల్యాబుకు వెళ్ళే దారి ఎంత చిన్నదిగా ఉండేదో.

ఈసారి ఇంకెక్కడా వెతకక్కర్లేదు అంటూ పోస్టుమాస్టారు లేచారు, పందిరి కిందికి వంగి వెళ్ళారు, కాయలు చూస్తారనుకుంటే కాయలు చూడడం లేదు, కాండం పట్టుకుని కిందనుంచి పైకి వేళ్ళతో తడుముకుంటూ పోతున్నారు, ఎక్కడ ఆగుతారో తనకు తెలుసు, పన్నెండో ఆకు పైన, ఆగారు, కళ్ళజోడు పైకి తోసుకున్నారు, ఎవరు తుంచారమ్మా ఈ తల అన్నారు, తన ఒంట్లో రక్తమంతా కాళ్ళలోకి జారింది, రోజూ చూస్తుంది తను, సూది చూడగానే కొందరి ముఖం సున్నం కొట్టినట్టవుతుంది, అలా అయివుంటుంది ఇప్పుడు తన ముఖం, ఆ మధ్యాహ్నం, ల్యాబునుంచి ఒంటిగంటకే వచ్చేసింది, ఇంట్లో ఎవరూ లేరు, ఆరిన బట్టలకోసం పైకి వచ్చింది, వచ్చేసరికి ఆ తీగ డ్రమ్ములోంచి లేచి తాడు పట్టుకుని పందిరి ఎక్కబోతోంది, కొసన లేతగా, నూగుతో, పాము పడగలా తల ఎత్తి, ఇంకో రెండ్రోజులైతే నీ నెత్తినెక్కుతా అన్నట్టు, అప్పటికి కిందిది ఇంకా మోకాలెత్తే, బట్టల బుట్ట కింద పెట్టిన సంగతి గుర్తుంది, తర్వాత బొటనవేలి గోరు ఆకుపచ్చగా ఉన్న సంగతి గుర్తుంది, మధ్యలోది గుర్తులేదనుకోవడం బావుంటుంది గాని గుర్తుంది, పుటుక్కుమంది, ఎంత చిన్న చప్పుడో, తుంచిన కొసను ఎక్కడ పడెయ్యాలో తోచక పిడికిట్లోనే పెట్టుకుని కిందికి తెచ్చి సింకులో నీళ్ళు వదిలింది, వారం తర్వాత చూస్తే ఆ మొండి కాండానికి రెండు వైపులా కొమ్మలు, పౌరుషం వచ్చినట్టు నాలుగు, ఆరు, పందిరంతా అల్లుకున్నాయి, ఇదేం మొండిఘటం అనుకుంది, చంపబోతే బలిసిందని ఇంకా మండిపోయింది.

చిన్నామె అంటోంది, నాకు తెలియదండీ, ఒకరోజు వచ్చి చూసేసరికి కొస లేదు, ఉడుత కొరికిందేమో అనుకున్నాను, పోస్టుమాస్టారు తల అడ్డంగా ఊపారు, ఉడుత కొరికితే పీచులు పీచులుగా ఉంటుందమ్మా, ఇది చూడండి, ఆకుకు అర అంగుళం పైన, కాండం చీలకుండా, నలగకుండా, గోటితో ఒకే వేటు, ఇది చేయి తిరిగినవాళ్ళ పని, సొరతీగను తన మానాన వదిలేస్తే తల పైకి పరిగెడుతుంది, మగపూలే పూస్తుంది, తల తుంచితే పక్కకొమ్మలు పుడతాయి, ఆడపూలు ఆ పక్కకొమ్మలకే, సరిగ్గా పది పన్నెండు ఆకులప్పుడు తుంచాలి, నేను ముప్ఫై ఏళ్ళుగా పెంచుతున్నా నాకు ధైర్యం చాలదు, ఒకరోజు ముందో వెనకో అవుతుంది, ఎవరోగాని ఆ చేతికి దండం పెట్టాలి, అన్నారు, బ్యాంకు మేడం కూడా వంగి చూసింది, మిగిలినవాళ్ళూ చూశారు, ఆ మొండి ముక్కను, గాయం మాని గట్టిపడిన ఆ చోటును, నగ చూసినట్టు ఒకరి తర్వాత ఒకరు, ఎవరబ్బా, తోటమాలి ఎవరైనా వచ్చాడేమిటే, మీ ఆఫీసులో ఎవరైనా చెప్పారా, ఎంత పనిమంతులో, ఎంత నేర్పో, అని వాళ్ళు ఆ కనపడని చేతిని పొగుడుతుంటే తనకు కడుపులో మండడం మొదలైంది, ఎప్పుడూ మండే చోటే, తన తీగను చూసి పచ్చగా ఉందని ఊరుకున్నారు, ఎవడో దారినపోయే చేతిని మాత్రం ఇంత నెత్తిన పెట్టుకుంటున్నారు, ఏముంది అందులో అంత, ఎవరైనా చెయ్యగలరు, ఎవరిదా చెయ్యి, ఎవరిదైతేనేం, అది తనదే కదా, తనదే, ఒడిలో పెట్టుకున్న ఈ కుడిచెయ్యే, తన చేతి మీద తనే కుళ్ళుకుంటోంది, ఇంకొకరి ఖాతాలోకి పోతోంది తన పొగడ్త, చూస్తూ కూర్చోవడమేనా, నోరు తెరిచింది, నేనే తుంచాను అంది.

నువ్వా అక్కా అంది చిన్నామె, అవును, ఒక మధ్యాహ్నం బట్టలకోసం వచ్చినప్పుడు చూశాను, తుంచేవేళ అయిందనిపించింది, చెబుదామనుకున్నా మర్చిపోయాను, మాటలు ఎంత సాఫీగా వచ్చేశాయి, గుచ్చేటప్పుడు నొప్పి ఉండదండీ అని రోజుకు యాభైమందికి చెప్పే గొంతు అది, పోస్టుమాస్టారు రెండు చేతులూ జోడించారు, అనుకున్నాను, నరం దొరికే చేతికి కణుపు దొరకదా అన్నారు, బ్యాంకు మేడం భుజం మీద ఒక్కటి చరిచింది, ఎంత గుట్టుదానివే నువ్వు, తోడికోడలికి ఇంత చేసి ఒక్క ముక్క చెప్పలేదే, మా ఇంట్లోనూ ఉంది ఒకతి, నా మొక్కలకు నీళ్ళు పొయ్యమంటే వేణ్ణీళ్ళు పోసే రకం, అందరూ నవ్వుతున్నారు, అందరూ తనవైపే చూస్తున్నారు, ఇన్నాళ్ళూ ఏం కావాలనుకుందో అది వచ్చింది, నాలుగేళ్ళలో ఎప్పుడూ రానంత వచ్చింది, పీలిక కూడా నువ్వే కట్టాలమ్మా అని పోస్టుమాస్టారు తెల్లగుడ్డ ముక్క చేతిలో పెట్టారు, లేచి పందిరి కిందికి వెళ్ళింది, మెడ సన్నగా అడుగు బొద్దుగా ఉన్న కాయ, అందరికంటే ముందు తనే చూసిన కాయ, పిందెగా ఉన్నప్పుడు రాలితే బాగుండునని రోజూ చూసిన కాయ.

మరి కింద తీగకు ఎందుకు తుంచలేదక్కా, అని అడిగింది చిన్నామె వెనకనుంచి, ఫోనులో అడిగినట్టే మెత్తగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, గుడ్డపీలిక ముడి పడబోయి ఆగింది, ఏం చెప్పాలి, మర్చిపోయాననాలా, వేళ దాటిపోయిందనాలా, చిన్నప్పుడు ఇంట్లో తీగ కొస తగిలి విరిగితే వీపు విమానం మోత మోగేదనాలా, ఏరుకోవడానికి ఇన్ని ఉంటే నోరు వేరేది ఏరుకుంది, దాని మీద చెయ్యి రాలేదు అంది, అన్నాకగాని వినపడలేదు తనకు ఆ మాట, కుర్చీల్లోవాళ్ళు అయ్యో పిచ్చిదానా, కన్నబిడ్డలా సాకి పాడుచేసుకున్నావు అని మళ్ళీ నవ్వారు, వాళ్ళకు సగమే వినిపించింది, మిగతా సగం పందిరి కిందే ఉండిపోయింది, దాని మీద రాని చెయ్యి దీని మీద ఎలా వచ్చింది అన్న సగం, చిన్నామె నవ్వలేదు, దగ్గరికి వచ్చి, ముడి వెయ్యడానికి వీలుగా కాయను రెండు అరచేతుల్లో ఎత్తి పట్టుకుంది, ఇద్దరి మధ్యా జానెడు దూరం, ఆ రోజు కొస కనపడక చాలా ఏడ్చాను అక్కా, ఆయన నవ్వుతారని స్నానాలగదిలో ఏడ్చాను, అంది, తనకు మాత్రమే వినిపించేలా, కాయ కదలకుండా పట్టుకునే ఉంది.

తను ముడి వేసింది, రెండో ముడి కూడా వేసింది, ఇక వెయ్యడానికి ముడి లేదు, తల ఎత్తి చూసింది, ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలు ఆ ముఖం మీద కదులుతున్నాయి, కనుబొమ్మ దగ్గర చిన్న గాటు ఉంది, ఎప్పటిదో, చిన్నప్పటిదో, అడగలేదు ఎప్పుడూ, కళ్ళు కాయ మీదే ఉన్నాయి, కోపమో, తెలిసిపోయిందో, ఏమీ తెలియలేదో, నిజంగానే మేలు చేసిందనుకుంటోందో, ఏదీ పోల్చుకోవడం రావడం లేదు, రోజుకు యాభైమంది ముఖాలు చూసి ఎవరు భయపడుతున్నారో ఎవరు స్పృహ తప్పుతారో ముందే చెప్పే తనకు రావడం లేదు, వెనక పోస్టుమాస్టారు తర్వాతి వంతు ఎవరిదని అడుగుతున్నారు, ఎవరో టొమాటోల సంగతి మొదలుపెట్టారు, ఆ మాటలు వినాలని లేదు, కుర్చీలోకి వెళ్ళి కూర్చోవాలని లేదు, ఈ అమ్మాయి ఇప్పుడు తన గురించి ఏమనుకుంటోందో తెలుసుకోవాలని ఉంది, తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ సంగతి తెలుసుకోవాలనిపించడం ఇదే మొదటిసారి.